శీనుకి, నాలుగింటి బస్సులో

ఒరేయ్ శీనూ,

నీ దసరా ఉత్తరానికి ఇంతవరకూ జవాబు రాయలేదు, క్షమించు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు కాస్త నయం. గేదె ఈనింది, పెయ్యదూడ. మిగతా కబుర్లు తర్వాత. ఇప్పుడు ఎర్ర గొడుగు, మన గుర్తుమాట. ఎర్ర గొడుగు అన్నాక చివరిదాకా వినాలి, గుర్తుందిగా.

రాత్రి ఫోన్లో నీ గొంతు వణుకుతుంటే నేనూ అన్నీ వరసగా చెప్పలేకపోయాను. కాగితం మీదైతే చెల్లెమ్మ కూడా చదువుతుంది. నరసరావుపేట బస్సు కండక్టరు చేతికిస్తున్నా, స్టాండులో తీసుకో.

మీ అమ్మాయి చిన్ని తన చేతి గడియారం తమ్ముడికిచ్చేసిందన్నావు. ఫిజిక్స్ రికార్డు వెనక అట్ట మీద "నేను లేకపోతే అందరికీ సుఖం" అని రాసిందన్నావు. హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా పడుకునే ఉంటోందన్నావు. ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పుకున్నావు: ముద్దుకొద్దీ ఇచ్చింది, సినిమా డైలాగు రాసుకుంది, చదువు అలసట. మూడూ పక్కపక్కన పెట్టి చూడరా. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, నేను భారమైపోయాననుకోవడం, దేని మీదా మనసు లేకపోవడం కలిసి వచ్చాయంటే పరీక్షలయ్యాక చూద్దాం అనే మాట కుదరదు.

మొదటి పని, దాన్ని అడుగు. చుట్టూ తిప్పి కాదు, సూటిగా. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" ఈ మాటే. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అందరికీ భయం. పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి రావడానికి దారి దొరుకుతుంది, అంతే. ఎదురుగా కూర్చోబెట్టి నిలదీసినట్టు వద్దు. స్కూటర్ మీద తీసుకెళ్తూనో, చెల్లెమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ పక్కన కూర్చునో అడిగినా చాలు. అవునంటే తర్వాతి ప్రశ్న, "ఎలా అని కూడా అనుకున్నావా?" అనుకుందంటే ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, గది గడియ పెట్టుకోనివ్వొద్దు, తెల్లారగానే ఆసుపత్రి. ఏడవకు, దేవుడి మీద ఒట్టు వేయించుకోకు, "మేమేం తక్కువ చేశాం" అనకు. ఆ ఒక్క మాటతో పిల్ల నోరు మూసేస్తుంది, మళ్లీ తెరవడం కష్టం.

పొలం మందులు ఇంకా వంటింటి అటక మీదే ఉన్నాయా? ఇవాళే తీసెయ్. ఇంట్లో తాళం వేయడం కాదు, ఊళ్లో మీ అన్నయ్య దగ్గర పెట్టించు. మీ నాన్నగారి బీపీ, షుగరు బిళ్లలు కూడా నీ దగ్గరే పెట్టుకుని రోజుకి సరిపడా ఇవ్వు. ఎందుకంటే చచ్చిపోవాలనే ఆ ఉద్ధృతి వరదలాగా వస్తుంది, చాలామందిలో కాసేపటికే తీస్తుంది. ఆ కాసేపూ చేతికి ఏమీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది.

ఇక ఫోన్. 14416. టెలి మానస్ అంటారు, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి, 2022 అక్టోబరు 10న మొదలైంది, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు. అది కలవకపోతే 1800 891 4416. ముందు రికార్డు గొంతు భాష అడుగుతుంది, తెలుగు నొక్కి ఆగు. ఒక్కోసారి వేచి ఉండాల్సి వస్తుంది, కట్ చేయొద్దు. మొదట కౌన్సిలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకి కలుపుతారు. పిల్లే చేయాలని లేదు. నువ్వు చేసి "మా అమ్మాయి ఇలా ఉంది, నేనేం మాట్లాడాలి?" అని అడగొచ్చు, ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. కానీ వాళ్లు ఇంటికి రారు. ప్రాణం మీదికి వస్తే 14416 కాదు, 108.

ఇది రాయాలంటే చెయ్యి ఆడటం లేదు గానీ రాయాలి. ఏదైనా మింగిందని అనుమానం వస్తే వాంతి చేయించకు, ఉప్పునీళ్లు పట్టకు. సీసానో బిళ్లల అట్టో చేత్తో పట్టుకుని నేరుగా కాజువాల్టీకి. అక్కడ అబద్ధం ఆడకు. "పొరపాటున తాగింది", "కళ్లు తిరిగి పడిపోయింది" అని చెప్పేవాళ్లు ఎందరో, పోలీసు కేసవుతుందని భయం. ఏం మింగిందో, ఎప్పుడో తెలియకపోతే వైద్యం దారి తప్పుతుంది. పైగా ప్రమాదమని రాశారంటే మానసిక వైద్యుడు చూడకుండానే ఇంటికి పంపేస్తారు. ఆసుపత్రివాళ్లు మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకి తెలియజేసే కేసు రాస్తారు, పోలీసు వచ్చి వాంగ్మూలం తీసుకోవచ్చు, అది మామూలే. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షను ప్రకారం అలాంటి ప్రయత్నం చేసినవాళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309 సెక్షను 2024 జులై 1 నుంచి కొత్త న్యాయసంహితలో లేదు కూడా. డిశ్చార్జి ముందు "సైకియాట్రీ వాళ్లు చూశారా?" అని అడిగి, చూసేదాకా కదలకు. ఇంటికొచ్చాక మొదటి కొన్ని వారాలే అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సినవి. అందుకే వారంలోపు మళ్లీ చూపించే తేదీ రాయించుకో.

అంతదాకా రాదు, రానివ్వం. నువ్వు ముందే వెళ్తున్నావు.

గుంటూరు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ఓపీ పొద్దున పూటే, కాబట్టి తొందరగా వెళ్లి చీటీ తీసుకో, ఆధార్ పట్టుకెళ్లు. ఒక తెల్లకాగితం మీద రాసుకుని వెళ్లు: ఎప్పటినుంచి, ఎన్ని గంటలు నిద్ర, తిండి, బరువు తగ్గిందా, మార్కులు ఎప్పుడు పడిపోయాయి, నెలసరి ఎలా ఉంది, మీ ఇళ్లలో ఎవరికైనా ఇలాంటిది ఉందా. మీ చిన్నత్త సంగతి దాచకు, శీనూ. అక్కడ రెండు మూడు నిమిషాల్లో చెప్పాల్సి వస్తుంది, కాగితం లేకపోతే సగం మర్చిపోతావు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు రాయొచ్చు, అవి కూడా నీరసానికి, దిగులుకి కారణమవుతాయి. డాక్టరు చిన్నిని ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడతానంటే బయటికి వచ్చేయ్. అక్కడ ఏం చెప్పిందని దారిలో అడగొద్దు. ప్రాణానికి ముప్పున్న మాటైతే వాళ్లే నీకు చెబుతారు.

మందు రాస్తే, దిగులు తగ్గించేవి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకే "ఏం గుణం లేదు" అని మానేసేవాళ్లే ఎక్కువ. మొదటి వారాల్లో కుదురు లేకపోవడం, నిద్ర చెదరడం, చిరాకు పెరగడం కనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి, వయసులో ఉన్న పిల్లల్లో అది ముఖ్యం. తగ్గిందని సొంతంగా ఆపకూడదు. మందుతో పాటు మాటల వైద్యం కూడా ఉందా అని అడుగు. బయట ఎవరినైనా చూపించాల్సి వస్తే క్లినికల్ సైకాలజిస్టుకి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషను నంబరు ఉంటుంది, అడిగి చూసుకో. కౌన్సిలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు.

ఆసుపత్రిలో చేర్చమంటే చెల్లెమ్మ భయపడుతుంది కదా, దానికి చెప్పు. పద్దెనిమిది నిండని పిల్లల్ని పెద్దవాళ్ల వార్డులో ఉంచకూడదు. ఉన్నన్నాళ్లూ ఇంటి మనిషి పక్కనే ఉండాలి, ఆడపిల్లకైతే ఆడమనిషే. ఇది చట్టంలోనే ఉంది, ఎవరూ దయతలచి ఇచ్చేది కాదు.

ఇంకొకటి, ఇదే నాకు ప్రాణం. నోటుబుక్కులో సగం కాగితం చింపి చిన్ని చేతే రాయించాలి. నువ్వు చెప్పి రాయించడం కాదు. పైన, ముంచుకొస్తోందని దానికి ఎలా తెలుస్తుందో. ఒక పిల్ల "దుప్పటి ముఖం మీదికి లాక్కుని లెక్కపెట్టడం మొదలుపెడతా" అని రాస్తుంది. దాని కింద, అప్పుడు ఒంటరిగా చేయగలిగినవి: చల్లనీళ్లతో మొహం కడుక్కోవడం, మేడ మీద కాదు, వీధిలో నడవడం. దాని కింద, ఎవరి దగ్గరికి వెళ్లి కూర్చోవచ్చో. తర్వాత, నోరు విప్పి చెప్పుకోదగ్గవాళ్లు ఇద్దరు, నంబర్లతో. తర్వాత 14416, డాక్టరు. చివరికి, ఇంట్లోంచి ఏమేం తీసేయాలో. మడిచి ఫోన్ పౌచ్ వెనక పెట్టుకోవాలి. చెప్పుకోదగ్గవాళ్లలో నీ పేరు లేకపోతే నొచ్చుకోకు. మావయ్య పేరు రాస్తే అర్ధరాత్రయినా ఫోన్ ఎత్తుతానని చెప్పు.

సంక్రాంతి సెలవులయ్యాక హాస్టల్‌కి పంపాలా అన్నావు. డాక్టరు చూసి సరేననేదాకా వద్దు. అక్కడ ఫోన్ ఆదివారమే అంటున్నావు, మరి బుధవారం రాత్రి ముంచుకొస్తే ఎవరికి చేస్తుంది? ప్రిన్సిపల్‌కి డాక్టరు చీటీ జతచేసి సెలవు ఉత్తరం ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకో. హాజరు గొడవ తర్వాత తేల్చుకోవచ్చు, బోర్డుకి మినహాయింపు ఫీజు కట్టే పద్ధతి ఉంది. వాళ్లు గట్టిగా మాట్లాడితే, 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు అడుగు. మన విశాఖలో చదువుకుంటూ చనిపోయిన అమ్మాయి తండ్రి వేసిన కేసు అది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలి, హాస్టల్‌లో, క్లాసుల్లో టెలి మానస్ నంబరు కనబడేలా పెట్టాలి, వీలైనంతవరకూ మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు. మీ కాలేజీ గోడ మీద ఆ నంబరు ఉందేమో చిన్నినే అడుగు, లేకపోతే

మూడూ ముప్పావు అయింది, బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసింది. ముందు అటక మీదివి తీసెయ్, తర్వాత అడుగు. అడగ్గానే, ఎంత రాత్రయినా, నాకు ఫోన్ చెయ్.

నీ
సూరి