డివైడర్ల మీద కత్తిరించిన పూల కొమ్మలు ఎక్కడికి పోతున్నాయి?

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో రోడ్ల మధ్య డివైడర్ల మీద, పార్కుల్లో, కూడళ్లలో పూలమొక్కలు పెంచుతున్నారు. కాగితంపూలు, గన్నేరు, నూరువరహాలు, అక్కడక్కడా బంతి, బిళ్లగన్నేరు. కొండకు వచ్చే యాత్రికులకు ఊరు పచ్చగా కనబడాలన్న ఆలోచన మంచిది, ఆ పని ఆగకూడదు. నా బాధ ఆ మొక్కలను కత్తిరించాక జరిగేదాని గురించి. కోసిన కొమ్మలు కాసేపు రోడ్డు పక్కనే కుప్పగా పడి ఉంటాయి. ఆవులు, మేకలు వచ్చి తినగలిగినంత తింటాయి. మిగిలింది ట్రాక్టర్ ఎక్కుతుంది. అది మామూలు తడి చెత్తలో కలిస్తే కంపోస్టు అవుతుంది, కంపోస్టు ఎవరి పొలానికో, ఎవరి మిద్దె తోటకో చేరుతుంది.

ఆ కొమ్మల్లో ఏముందని ఇంత ఆందోళన అని అడగవచ్చు. డిగ్రీ విద్యార్థులకు ఏళ్ల తరబడి వృక్షశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

రద్దీ రోడ్ల పక్క మట్టిలో సీసం, కాడ్మియం, రాగి, జింక్ లాంటి లోహాలు పేరుకుంటాయి, వీటిలో సీసం, కాడ్మియం ఒంటికి విషం. సీసం లేని పెట్రోలు 2000లో దేశమంతా వచ్చింది, కానీ అంతకు ముందు పొగతో రాలిన సీసం మట్టి పైపొరలోనే ఉండిపోతుంది. పాత పెయింటు రాలినా సీసం మట్టిలో చేరుతుంది, ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1న గానీ అమల్లోకి రాలేదు. టైర్ల రబ్బరులో జింక్ ఆక్సైడ్ ఉంటుంది, దాని వెంట కొద్దిగా కాడ్మియమూ ఉంటుంది. బ్రేకులు అరిగితే రాగి పొడి రాలుతుంది. కొండపైకి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, పొగ తగ్గడం సంతోషమే, అయితే టైర్లు వాటికీ అరుగుతాయి. లోహం కుళ్లదు, ఎండకు ఆవిరైపోదు. చిత్తూరుకు పక్కనే ఉన్న రాణిపేట, వేలూరు ప్రాంతంలో తోళ్ల పరిశ్రమల నుంచి వచ్చిన క్రోమియం, ఇతర కాలుష్యం పాలారును, అక్కడి బావులను ఏం చేసిందో ఈ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. సుప్రీంకోర్టు 1996లోనే దాని మీద తీర్పు ఇవ్వాల్సి వచ్చింది.

ఇలాంటి మట్టిలో పూలమొక్క ఏం చేస్తుందన్నది చాలామందికి తెలియదు. సీసాన్ని ఎక్కువగా వేళ్లలోనే ఆపేస్తుంది. కాడ్మియం అలా ఆగదు, నీటితోపాటు సులువుగా ఆకుల దాకా ఎక్కుతుంది. అప్పుడు మొక్క గంధకం ఉన్న చిన్న చిన్న పదార్థాలను తయారుచేసి, వాటితో కాడ్మియాన్ని కట్టేసి, కణంలో రిక్తిక అనే సంచిలోకి నెట్టి దాచేస్తుంది. ఈ పని చేసినంత కాలం మొక్క పచ్చగానే ఉంటుంది. మోతాదు మించితే వేరు పెరగదు, ఇనుము సరిగా అందక ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుపు పడుతుంది, మొగ్గలు ఆలస్యంగా వస్తాయి, పూలు చిన్నవవుతాయి, పుప్పొడి సత్తువ తగ్గుతుంది. మామూలు ఇనుము లోపానికీ ఆకు ఇలాగే పసుపు పడుతుంది కాబట్టి కంటితో చూసి తేల్చలేం. బంతి, చంద్రకాంత, కాశీతుంబ, మెట్టతామర లాంటివి కాడ్మియాన్ని బాగానే తట్టుకుంటాయి. అంటే ఏపుగా ఎదిగిన బంతి మడిని చూసి కింద మట్టి బాగుందని అనుకోవడానికి లేదు.

గన్నేరుది ఇంకో తీరు. దాని ఆకు అడుగున గుంటలు, ఆ గుంటల్లో నూగు ఉంటాయి. ఆకు దళసరిగా ఉండి చాలాకాలం రాలదు. అందుకే గాలిలో సీసం ఎంతుందో తెలుసుకోవడానికి చాలా దేశాల్లో గన్నేరు ఆకులను కోసి పరీక్షిస్తారు. ఇంత ఉపయోగపడే చెట్టును మనం డివైడర్ల పొడవునా నాటుకున్నాం, కానీ దాని ఆకును ఒక్కసారైనా ల్యాబ్‌కు పంపే ఏర్పాటు కనబడదు.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. సాధారణంగా వేళ్లలో ఎక్కువ, ఆకుల్లో దానికంటే తక్కువ, పూలలో ఇంకా తక్కువ లోహం ఉంటుంది. ఇంటి ముందు పూసిన మందారాన్ని దేవుడికి పెట్టుకోవడానికి ఎవరూ సందేహపడనక్కర్లేదు. తినే వాటితోనే జాగ్రత్త కావాలి. సీసం ఇంతవరకు పర్వాలేదని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, నష్టం ఎక్కువగా పిల్లలకే.

ఈ కొమ్మలను కంపోస్టులో కలపకూడదనడానికి చట్టమే ఆధారం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ చెత్తతో చేసిన కంపోస్టు కిలోలో సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించకూడదు. రోడ్డు దుమ్ము పట్టిన కొమ్మలు, వాటితో వచ్చే మట్టి విడిగా ఉంచకపోతే ఈ హద్దు నిలబడుతుందా? విడిగా ఎండబెట్టి, తూకం వేసి, పరీక్ష చేయించి, అవసరమైతే భద్రమైన చోట పూడ్చాలి. తగలబెట్టకూడదు, కాల్చితే లోహం పొగలోకి, బూడిదలోకి పోతుంది.

మట్టి పరీక్ష అంటే మనకు ప్రభుత్వం రైతులకు ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డు గుర్తుకొస్తుంది. అందులో 12 అంశాలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక (పీహెచ్), లవణాల స్థాయి, సేంద్రియ కర్బనం. సీసం, కాడ్మియం, క్రోమియం లేవు. మంచి కార్డు చేతిలో ఉన్న రైతుకు కూడా తన మట్టిలో సీసం ఉందో లేదో తెలియదు. ఈ లోపాన్ని కనీసం పట్టణాల అంచున ఉన్న పొలాలకైనా సరిచేయాలి.

మురుగు కాలువల పక్కన తోటకూర, పాలకూర వేసే వాళ్లు ఏ పట్టణం అంచున చూసినా కనిపిస్తారు. ఆకుకూరలు కాడ్మియాన్ని తేలిగ్గా పీల్చుకుంటాయి. వాళ్లను అక్కడి నుంచి వెళ్లగొట్టడం అన్యాయం, అది వాళ్ల బతుకు. పరీక్షలో మట్టి బాగాలేదని తేలిన చోట బంతి, చామంతి, కనకాంబరం వేసుకోమని చెప్పి, నారు, మొదటి ఏడాది పెట్టుబడి ఇవ్వాలి. తిరుపతి లాంటి ఊళ్లో పూలకు గిరాకీ లేని రోజంటూ ఉండదు. ఒక్క షరతు పెట్టాలి: పూలు కోశాక మిగిలిన మోళ్లను పశువులకు వేయకూడదు. బంతి రేకుల రంగును కోళ్ల దాణాలో వాడతారు, ఈ పూలు అటు కూడా పోకూడదు. మన ఎర్ర నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి మంచి పశువుల ఎరువు, ఆమ్ల గుణం ఉన్న చోట సున్నం వేస్తే లోహం మొక్కలోకి ఎక్కడం కొంత తగ్గుతుంది.

పూలమొక్కలు వేస్తే మట్టి శుభ్రపడిపోతుందని కొందరు అంటుంటారు, అంత తొందరగా జరగదు. ఆకు ఎండు బరువులో కిలోకి 100 మిల్లీగ్రాములు కాడ్మియం పోగుచేసే మొక్కలు ప్రపంచంలోనే అరుదు. బంతితో అయితే ఏళ్లు పడుతుంది, అదీ కోసిన ప్రతి కొమ్మనూ బయటికి తీసుకుపోతేనే.

ఈ ఊళ్లో విశ్వవిద్యాలయం ఉంది, వ్యవసాయ కళాశాల ఉంది, దగ్గర్లోనే ఐఐటీ, ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ ఉన్నాయి. రేణిగుంట రోడ్డు, తిరుచానూరు రోడ్డు, బస్టాండు పరిసరాల్లో మట్టి, గన్నేరు ఆకులు, కత్తిరించిన కొమ్మల నమూనాలు తీసి సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్ చూడటం వాళ్ల విద్యార్థులకు పెద్ద పని కాదు. ఈశాన్య రుతుపవనాల వానలు ఆకుల మీది దుమ్మును కడిగేయకముందే నమూనాలు తీయాలి. ఫలితాలను వార్డుల వారీగా తెలుగులో ప్రకటించాలి. అంతవరకు కత్తిరించిన కొమ్మలను రోడ్డు పక్కన వదలకుండా అదే రోజు ఎత్తించి, విడిగా ఉంచమని నగర అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
తిరుపతి