మోకాలి గాయానికి తలరాతను నిందించకండి

సంపాదకుడు గారికి,

గాయాలతో ఆట వదిలేసిన ఫుట్‌బాల్ తారల గురించి మీ క్రీడా పేజీలో వ్యాసం వచ్చి పది రోజులైంది. అప్పటి నుంచీ ఈ ఉత్తరం రాయాలనే ఉంది. వ్యాసం నిండా 'దురదృష్టం', 'విధి ఆడిన ఆట', 'తలరాత' అన్న మాటలే. మోకాలిలో ఏం తెగుతుంది, తెగాక మొదటి రోజు ఏం చెయ్యాలి అన్నదానికి ఒక్క వాక్యం లేదు. అరపేజీ స్థలమిచ్చి, ఆడే పిల్లలకు గానీ వాళ్ల తల్లిదండ్రులకు గానీ పనికొచ్చే ముక్క ఒక్కటీ ఇవ్వకపోవడం చాలా బాధ కలిగించింది.

మీరు రాసిన పేర్లే తీసుకుందాం. నెదర్లాండ్స్ తార మార్కో వాన్ బాస్టెన్ ఆటను ఏదో ఒక్క దెబ్బ ముగించలేదు. చీలమండకు ఆపరేషన్ మీద ఆపరేషన్ చేయించుకుంటూ, మధ్యలో ఆడుతూ వచ్చారు. 1993 మే 26న మ్యూనిక్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆయన చివరి పెద్ద మ్యాచ్. అప్పటికి వయసు 28. మరో రెండేళ్లు ప్రయత్నించి 1995 ఆగస్టులో విరమించుకున్నారు. కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే కార్టిలేజ్‌కు రక్తనాళాలుండవు. అరిగిందంటే మళ్లీ మునుపటిలా పెరగదు. అరిగిన కీలు మీద పరుగెత్తిన కొద్దీ ఎముకా ఎముకా రాసుకుంటాయి. చివరికి ఆ కీలును కదలకుండా అతికించేశాకే ఆయనకు నొప్పి తగ్గింది.

బ్రెజిల్ రొనాల్డో సంగతి ఇంకా స్పష్టం. 1999 నవంబరులో మోకాలి చిప్ప కింది టెండన్ (కండను ఎముకకు కలిపే పట్టీ) కొంత తెగింది, ఆపరేషన్ చేశారు. ఐదు నెలలు నిండకుండానే 2000 ఏప్రిల్ 12న రోమ్‌లో లాజియో క్లబ్బు మీద మైదానంలోకి దింపారు. పది నిమిషాలు గడవకముందే అదే టెండన్ పూర్తిగా తెగిపోయింది. రెండోసారి ఏడాదికి పైగా ఆగారు. ఆ తర్వాత 2002 ప్రపంచ కప్పులో 8 గోల్స్ కొట్టారు. మనిషీ అతనే, మోకాలూ అదే. మొదటిసారి ఇవ్వని నెలలు రెండోసారి ఇచ్చారు, అంతే. దీన్ని తలరాత అని ఎలా అంటాం?

ఎముక విరగడమే ఆట అంతానికి కారణమన్నట్టు కూడా రాశారు. 1996 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో డేవిడ్ బస్ట్‌కు మోకాలి కింది రెండు ఎముకలూ విరిగి బయటికొచ్చాయి. ఆయన ఆట అక్కడితో ముగిసింది, కానీ ఎముకల కంటే ఆ గాయంలో చేరిన ఇన్ఫెక్షనే ఎక్కువ నష్టం చేసింది. 2010లో ఆరన్ రామ్సీకి కూడా అవే రెండు ఎముకలు విరిగాయి. అయినా తిరిగొచ్చారు, 2014లో ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్ ఫైనల్లో గెలుపు గోల్ ఆయనదే. ఎముక తెల్లగా బయటికి కనిపిస్తే మట్టి అంటకుండా శుభ్రమైన గుడ్డ కప్పాలి. కాలిని లాగి సరిచేయబోకుండా పైన మోకాలూ కింద చీలమండా రెండూ కదలకుండా బద్ద కట్టాలి. పాదం మీద నాడి చూసి, గంటలోపు యాంటీబయాటిక్ పడేలా ఆసుపత్రికి చేర్చాలి. అంబులెన్స్ లేకుండానే టోర్నీలు నడిపేవాళ్లు ఈ గంట లెక్క గురించి ఒక్కసారైనా ఆలోచించాలి.

అయితే మన కుర్రాళ్లను ఎక్కువగా ముంచుతున్నది విరిగిన ఎముక కాదు, మోకాలి లోపల తొడ ఎముకనూ కింది ఎముకనూ కట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్. చాలాసార్లు ఎదుటివాడు తాకను కూడా తాకడు. పరుగులో ఒక్కసారిగా దిశ మార్చినప్పుడో, హెడ్డింగ్‌కు ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడో పాదం నేలకు పట్టేసి మోకాలు లోపలికి వంగి మెలితిరుగుతుంది. గట్టి నేల మీద పొడవాటి స్టడ్స్ (అడుగున మొనలు) ఉన్న బూట్లు వేసుకుంటే పాదం ఇంకా గట్టిగా పట్టేస్తుంది. 'టప్'మని చప్పుడు. గంటా రెండు గంటల్లో మోకాలు కుండలా ఉబ్బుతుంది. అంత త్వరగా వచ్చే వాపు చాలావరకు లోపల కారిన రక్తమే. ఎక్స్-రేలో ఎముక బాగానే ఉంటుంది, లిగమెంట్ అందులో కనబడదు. 'ఏం కాలేదు' అంటారు. నాటుకట్టు వేస్తారు, వేడి నూనెతో మర్దన చేస్తారు. మూడు వారాలకు వాపు తీస్తుంది, కుర్రాడు నడుస్తాడు, తిన్నగా పరుగెత్తుతాడు కూడా. బాగైపోయిందనుకుని దిగుతాడు. బంతితో గిరుక్కున తిరగ్గానే మోకాలు పట్టు తప్పి జారిపోతుంది. అలా జారిన ప్రతిసారీ రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలిగి చిరుగుతుంది. చిరిగిన ముక్క మధ్యలో ఇరుక్కుంటే కాలు పూర్తిగా చాచలేడు. అతని ఆట పోయేది మొదటి దెబ్బ తగిలిన రోజున కాదు, ఆ తర్వాతి ఆరు నెలల్లో.

దీన్ని పట్టుకోవడానికి అర నిమిషం చాలు. ఆటగాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలిని 20–30 డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడ కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో పిక్కను ముందుకు లాగాలి. దీన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు. రెండో కాలి కంటే ఎక్కువ ముందుకొస్తూ, చివర గట్టిగా ఆగకపోతే ఎమ్మారై తీయించాల్సిందే. వాపు ముదరకముందే చూస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. చెయ్యి తిరిగిన ఫిజియో ఒక్కరు మైదానం పక్కన ఉంటే చాలు.

ఆపరేషన్ తర్వాత కూడా తొందరే శత్రువు. తొడ వెనక నుంచో, చిప్ప కింది నుంచో తీసిన టెండన్‌ను కొత్త లిగమెంట్‌గా అమరుస్తారు. అది మొదట బలహీనపడి, ఆ తర్వాతే బలం పుంజుకుంటుంది. రెండు, మూడు నెలలప్పుడు బాగా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పటికే నొప్పి పోయి ఆటగాడికి హుషారు వస్తుంది. నార్వే పరిశోధకుల లెక్క ప్రకారం, తొమ్మిది నెలల వరకు ఆటను వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే అవకాశం దాదాపు సగానికి పడిపోయింది. నెలలు నిండడంతోనూ సరిపోదు. తొడ బలంలోనూ, ఒంటికాలి గెంతు దూరంలోనూ రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం రావాలి. ఇన్ని వసతులున్న ఐరోపా పెద్ద క్లబ్బుల్లోనే, ఏసీఎల్ తెగిన ఆటగాళ్లు దాదాపు అందరూ ఏడాదిలో తిరిగొచ్చినా, మూడేళ్ల తర్వాత అదే అత్యున్నత స్థాయిలో మిగిలింది 65 శాతమే. ఏడాది ఒప్పందం మీద ఆడే మన కుర్రాణ్ని తొమ్మిది నెలలు ఆగమంటే ఒప్పందమే అయిపోతుంది. అందుకే నొప్పి దాచి ఆడతాడు. జాతీయ జట్టుకు ఆడుతూ గాయపడి 28 రోజులకు మించి ఆటకు దూరమైన ఆటగాడి జీతానికి ఫిఫా అతని క్లబ్బుకు 75 లక్షల యూరోల దాకా భరిస్తుంది. జిల్లా జట్టుకు ఆడే పిల్లవాడి ఎమ్మారై ఖర్చు మాత్రం తండ్రి అప్పు చేసి కట్టుకోవాలి. ఇది అధికారులకు తెలియని విషయం కాదు.

మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ శిక్షణలో 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టు మనకు గర్వకారణం. తలకు కుట్లతోనే జర్నైల్ సింగ్ ఆ ఫైనల్లో గోల్ కొట్టారు. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ కథ చెప్పి, తలకు దెబ్బ తగిలిన పదిహేనేళ్ల పిల్లవాణ్ని మళ్లీ మైదానంలోకి తోసే కోచ్‌లున్నారు. 2017లో మ్యాచ్‌లో పుర్రె పగిలిన ఇంగ్లండ్ ఆటగాడు ర్యాన్ మేసన్ 26 ఏళ్లకే ఆట మానేయాల్సి వచ్చింది. తల అదిరిన ఆటగాడు ఆ రోజుకు ఇక దిగకూడదు. మోకాలి గాయం తర్వాత పది నెలలు ఆగి సందేశ్ ఝింగన్ భారత జట్టులోకి తిరిగొచ్చింది మన గచ్చిబౌలిలోనే, 2024 నవంబరు 18న మలేషియా మీద. మన కోచ్‌లు ఆ నిరీక్షణ గురించి కూడా పిల్లలకు చెప్పాలి.

ఫిఫా తయారుచేసిన '11 ప్లస్' వార్మప్‌కు పైసా ఖర్చు లేదు. ఎనిమిది నిమిషాలు నెమ్మది పరుగులు, పది నిమిషాలు బలం, నిలకడ, గెంతుల వ్యాయామాలు, రెండు నిమిషాలు వేగం పరుగులు. మోకాళ్ల మీద నిలబడి, వెనక ఒకరు మడమలు పట్టుకోగా శరీరాన్ని నెమ్మదిగా ముందుకు వాల్చే నార్డిక్ వ్యాయామం కూడా అందులోనే ఉంది. గెంతి దిగేటప్పుడు మోకాలు బొటనవేలి వైపు లోపలికి వాలకుండా పాదానికి సూటిగా ఉండాలి. వారానికి కనీసం రెండుసార్లు చేయించాలి. వచ్చే ఆదివారం మీ క్రీడా పేజీలో ఆ అరపేజీ స్థలాన్ని ఈ ఇరవై నిమిషాల వ్యాయామాల బొమ్మలకు ఇవ్వండి.

— ఒక ఫిజియోథెరపిస్ట్, సికింద్రాబాద్