మంత్రిగారూ, బల్లికి దవడ విరిగితే ఎక్కడికి తీసుకెళ్ళాలండీ?

తెలంగాణ పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి,

నమస్కారమండీ. నేను కూకట్‌పల్లిలో ఉంటాను, ఇంట్లోనే పిల్లలకి ట్యూషన్లు చెప్తాను. మా అబ్బాయి దగ్గర ఒక లెపర్డ్ గెకో ఉంది, పేరు చుక్కి. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఒంటినిండా చిరుత మచ్చలతో జానెడు పొడవుండే బల్లి జాతి జీవి అది, మన గోడబల్లిలా గోడలెక్కలేదు, కనురెప్పలు ఉంటాయి కాబట్టి చక్కగా కళ్ళు మూసుకుని పడుకుంటుంది. మీద బల్లి పడితే తలస్నానం చేసి పంచాంగంలో బల్లిశాస్త్రం వెతికే ఇంట్లో పెరిగినదాన్ని, మొదట్లో ఆ గదిలోకే వెళ్ళేదాన్ని కాదు. నాలుగేళ్ళయింది, ఇప్పుడు పొద్దున్నే దాని నీళ్ళగిన్నె కడిగేది నేనే.

మొన్న శ్రావణమాసంలో ఒక ఆదివారం రాత్రి మావాడు స్టీల్ పట్టకారుతో దానికి సూపర్‌వార్మ్ పెడుతున్నాడు, అది ఒక్క ఉదుటున దూకి పురుగుతో పాటు పట్టకారు కొసని కూడా కరిచేసి తల విదిలించింది, వీడు భయపడి వెనక్కి లాగాడు, అంతే. పెదవి దగ్గర కొంచెం రక్తం వచ్చి ఆగిపోయింది, అమ్మయ్య అనుకున్నాం. అరగంట తర్వాత చూస్తే నోరు పూర్తిగా మూసుకోవట్లేదు, కింది దవడ ఎడమ పక్కకి ఒరిగినట్టుంది, బియ్యపు గింజ పట్టేంత సందు కనిపిస్తోంది. ఇంకో పురుగు వేస్తే గురి చూసి వెళ్ళింది, నోట్లో పెట్టుకుంది, వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారిపోయింది. మూడోసారి తల పక్కకి తిప్పేసుకుని అలాగే కూర్చుంది. దానికి ఆకలిగా ఉందని తెలుస్తోంది, తినలేకపోతోందని తెలుస్తోంది, మావాడు గాజు పెట్టె పక్కనే కింద పడుకుని ఏడుస్తున్నాడు.

సోమవారం పొద్దున్నే మొదలుపెట్టాం. మొదటి క్లినిక్‌లో డబ్బా మూత తీయకుండానే మేం కుక్కలు, పిల్లులే చూస్తాం అన్నారు, అది నిజాయితీగా చెప్పారు కాబట్టి వాళ్ళ మీద నాకు కోపం లేదు. రెండో చోట డాక్టర్‌గారు కాటన్ బడ్‌తో నోరు తెరవబోయారు, అది గిలగిలా కొట్టుకుంది, దవడ ఇంకాస్త ఒరిగింది, కుక్కలకి రాసే కాల్షియం సిరప్ రాసి పంపారు. రిసెప్షన్‌లో ఒకాయన బల్లికి వైద్యమేంటమ్మా అని నవ్వారు, మావాడు ఆ మాట విన్నాడు. సిటీలో రెప్టైల్స్ చూసే ప్రైవేట్ డాక్టర్లు కొద్దిమంది ఉన్నారు, ఒకరి నంబర్ దొరికింది, అపాయింట్‌మెంట్ గురువారానికి ఇచ్చారు. ఆ మూడు రోజులూ ఏం చేయాలో మాత్రం ఆయన ఫోన్లోనే ఓపిగ్గా చెప్పారు. నోరు తెరిచి చూడొద్దు, పసుపు కానీ ఆయింట్‌మెంట్ కానీ రాయొద్దు, మనుషుల నొప్పి మాత్ర ముక్క కూడా వేయొద్దు, పెట్టెలోంచి రాళ్ళు, తిరిగే పురుగులు తీసేసి కింద టిష్యూ పేపర్ వేయండి, వెచ్చగా ఉండే వైపు 32 డిగ్రీల దాకా ఉంచండి, వేడి లేకపోతే వాటికి అరుగుదలా ఉండదు, గాయం మానడమూ ఉండదు, వంటింటి త్రాసు మీద రోజూ బరువు చూసి రాయండి అన్నారు. తోకలో కొవ్వు దాచుకుంటుంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పెద్ద గెకో కొన్ని రోజులు తినకపోయినా తట్టుకుంటుందని ఆయన చెప్పాకే నేను ఆ రాత్రి కాసేపు పడుకున్నాను.

గురువారం ఎక్స్‌రే తీస్తే దవడ ఎముకలో సన్నటి చీలిక ఉంది. కానీ డాక్టర్‌గారు వేలు పెట్టి చూపించింది ఇంకోటి, మిగతా ఎముకలు కూడా పల్చగా ఉన్నాయి. మీల్‌వార్మ్, సూపర్‌వార్మ్ లాంటి పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ, వాటి మీద కాల్షియం పొడి అద్ది పెట్టాలి, విటమిన్ డీ3 అయినా ఇవ్వాలి లేదా ఎండకి బదులు పనిచేసే యూవీబీ లైట్ అయినా ఉండాలి, లేకపోతే ఒళ్ళు సొంత ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది, దవడ మెత్తబడిపోతుంది, దాన్నే రబ్బర్ జా అంటారట. అంటే పట్టకారు దెబ్బ ఒక సాకు, అసలు జబ్బు ఎప్పుడో మొదలైంది. మేం కొన్న షాపులో అమ్మినాయన పురుగులు వేస్తే చాలమ్మా, ఇంకేం అక్కర్లేదు అన్నాడు, నాలుగేళ్ళు అదే నమ్మాం. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తోంది.

నేను పెద్ద కోరికలు కోరట్లేదండీ. పశువుల కోసం, ఫోన్ చేస్తే వైద్యం బండి వచ్చే 1962 నంబర్ ఉంది, దానివల్ల రైతులకి ఎంత మేలో మా అమ్మవాళ్ళ ఊళ్ళో చూశాను, ఆ బండిని మా గెకో కోసం పంపమని అడగను. హైదరాబాద్‌లో ఏదో ఒక్క ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో వారానికి రెండు పూటలు రెప్టైల్ ఓపీ పెట్టండి, చిన్న జీవాలకి పనికొచ్చే ఎక్స్‌రే పెట్టండి, రాత్రిపూట ఏం చేయకూడదో చెప్పేందుకు ఒక ఫోన్ నంబర్ ఇవ్వండి. రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, నెహ్రూ జూ పార్క్‌లో పాముల్నీ మొసళ్ళనీ చూసుకునే డాక్టర్లు ఉన్నారు, వాళ్ళ చేత ప్రభుత్వ ఆసుపత్రి డాక్టర్లకి ట్రైనింగ్ ఇప్పిస్తే చాలు. ఇది మాలాంటి పెంపకందార్ల కోసమే కూడా కాదు, రోడ్డు మీద బండి తగిలిన ఉడుము, జేసీబీ కింద నలిగిన పాము, స్మగ్లర్ల సంచుల్లో దొరికే నక్షత్ర తాబేళ్ళు, వీటన్నిటికీ ఆ డాక్టరే కావాలి.

ఇంకోటి షాపుల సంగతి. 2018 పెట్ షాప్ రూల్స్ ప్రకారం ప్రతి షాపూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అవ్వాలి. ఆ రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడే ఒక షరతు పెట్టండి, ఏ జీవిని అమ్మినా దాని తిండి, వేడి, కాల్షియం వివరాలు తెలుగులో ఒక్క పేజీ రాసి చేతికివ్వాలని. ఇగ్వానా అనే పెద్ద బల్లి, బాల్ పైథాన్ అనే కొండచిలువ లాంటి విదేశీ జీవులు ఇంట్లో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలని 2024లో కేంద్రం రూల్స్ తెచ్చింది, మంచిదే. లెక్కలో రాసుకున్న ఆ జీవికి దెబ్బ తగిలితే చూపించుకునే చోటు కూడా ఉండాలి కదండీ.

చుక్కికి ఆపరేషన్ అవసరం పడలేదు. నొప్పికి ఇంజెక్షన్లు, కాల్షియం, మూతి చివర చుక్క చుక్కగా వేస్తే అదే నాకి మింగే ద్రవాహారం, ఐదు వారాలుగా ఇదే నడుస్తోంది. 52 గ్రాములది 45కి పడిపోయింది, నిన్న 48 చూపించింది. దవడ కొంచెం వంకరగానే ఉండిపోతుందట, తినడానికి మాత్రం ఇబ్బంది ఉండదన్నారు. మావాడు త్రాసు మీది అంకెలన్నీ క్యాలెండర్‌లో రాస్తున్నాడు, మీరు అపాయింట్‌మెంట్ ఇస్తే ఆ క్యాలెండరూ ఎక్స్‌రే కాపీ పట్టుకుని వాడే వచ్చి చూపిస్తానంటున్నాడు.

ఇట్లు,
కూకట్‌పల్లి నుంచి ఒక అమ్మ