అక్షరాల ఆటలూ ‘అ’ నుంచే మొదలవ్వాలా?

సంపాదకులకు నమస్కారం.

బడులు తెరిచే రోజులు దగ్గరపడితే మూడు నాలుగేళ్ల పిల్లలున్న ఇళ్లలో అక్షరాల అట్టలు, పజిళ్లు కొనే హడావిడి మొదలవుతుంది. వాటిలో చాలావరకు ఇంగ్లిషు కోసం చేసిన నమూనా మీద తెలుగు అక్షరం అతికించినవే. ఇంగ్లిషు అక్షరాలు 26, దేనికది విడిగా నిలబడుతుంది. మన అక్షరానికి గుడి తగిలినా దీర్ఘం తగిలినా రూపమే మారిపోతుంది. ఈ తేడా తెలిసి చేస్తే పాత శుభలేఖ ముక్క కూడా కొన్న పజిల్ కంటే బాగా పనికొస్తుంది.

మొదట వరస సంగతి. అచ్చులన్నీ అయ్యాకే హల్లులు అనే పద్ధతిలో పిల్లలు నెలల తరబడి అక్షరాలు అప్పజెబుతారు తప్ప మాట చదవరు. దాని బదులు ప, ల, క, త, డ అనే ఐదింటితో మొదలుపెట్టండి. తల, కల, లత, పలక, కలప, పడక, తడక, కడప... ఇన్ని మాటలు వాటిలోంచే వస్తాయి. (కడప పిల్లలకైతే సొంత జిల్లా పేరు!) ‘వ’ను మాత్రం ఈ గుంపులో చేర్చకండి. ప, వ ఒకేసారి చూపిస్తే రెండూ కలగాపులగం అవుతాయి. ‘ప’ బాగా నలిగిన రెండు మూడు వారాలకు ‘వ’ తెచ్చి పడవ, కడవ, వల ఆడించండి. ద–ధ, ప–ష, వ–మ జంటలకూ ఇదే జాగ్రత్త. ఙ, ఞ, ౠ వంటివి, పిల్లల మాటల్లో వినపడని ఝ, ఢ లాంటి ఒత్తు అక్షరాలు బడికి వదిలేయొచ్చు. తొందరేమీ లేదు.

అక్షరం చూపించే ముందు చెవికి పని చెప్పాలి. మాట పలికి, ఒక్కో అక్షరానికి ఒక్కో చప్పట కొట్టించడం అన్నిటికంటే తేలికైన ఆట, ఖర్చు లేనిది. ప–ల–క మూడు, చం–ద–మా–మ నాలుగు. ‘పుస్తకం’ లాంటి మాట దగ్గర పిల్లలు ‘పుస్–త–కం’ అని విరుస్తారు. నోటికి అదే సహజం, తప్పని దిద్దకండి. మొదట్లో సంయుక్తాక్షరాలు లేని మాటలే ఎంచుకుంటే ఈ చిక్కే రాదు. ఇ–ఈ, ఎ–ఏ తేడాకు నేల మీద సుద్దతో గీతలు గీసి, హ్రస్వం వింటే చిన్న అడుగు, దీర్ఘం వింటే పెద్ద గెంతు వేయించవచ్చు.

ఇక కార్డులు. శుభలేఖల దళసరి అట్ట ఇందుకు శ్రేష్ఠం. 7 సెంటీమీటర్ల చదరాలుగా కోసి, 5 సెంటీమీటర్ల ఎత్తున అక్షరం రాయండి. పైన కుడి మూల కాస్త కత్తిరిస్తే పిల్లలు తలకిందులుగా పట్టుకున్నప్పుడు వాళ్లకే తెలుస్తుంది. జతలు వెతికే ఆటకు నాలుగు జతలు చాలు, ఎనిమిది కార్డులు. పలచటి కాగితం వాడితే మార్కర్ సిరా వెనక్కి దిగుతుంది. పిల్లలు అక్షరం చదవడం మానేసి మరక గుర్తుపెట్టుకుంటారు. నలిగిన మూలా, నూనె చుక్కా కూడా అలాంటి గుర్తులే. అందుకే ఒకే అక్షరానికి రెండు మూడు కార్డులు చేసి మారుస్తుండాలి. కార్డు మారగానే తడబడ్డారంటే ఇంతకాలం చదివింది అక్షరాన్ని కాదన్నమాట.

బొమ్మల దగ్గర జరిగే పొరపాటు ఇంకా పెద్దది. ‘ఓ’ పక్కన ఓడ బొమ్మ వేస్తే పిల్లలు ‘పడవ’ అంటారు. ‘ఔషధం’ బొమ్మ చూసి ‘మందు’ అంటారు, ‘ఋషి’ని చూసి ‘తాత’ అంటారు. ఒక ఊళ్లో సొరకాయ, మరో ఊళ్లో ఆనపకాయ. మీ ఇంట్లో ఏమంటారో ఆ మాటకు తగిన అక్షరం కిందే బొమ్మ ఉండాలి. ణ, ళ మాటకు మొదట రావు కాబట్టి ‘ణ’కు వీణ బొమ్మ వేసి, చివరి అక్షరం ఏదని అడగాలి. బొమ్మను కార్డు వెనక వేయండి. అక్షరం పక్కనే ఉంటే చూపు బొమ్మ దాటి పోదు.

సీసా మూతలతో అక్షరాలు చేయమని చాలామంది చెబుతారు. నీళ్ల సీసా మూత వెడల్పు సుమారు 30 మిల్లీమీటర్లు. 31.7 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టే వస్తువేదీ మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఉండకూడదని బొమ్మల భద్రతా ప్రమాణాలు చెబుతున్నాయి, గొంతులో అడ్డం పడుతుంది గనుక. ఇంట్లో చంటిపిల్లలుంటే పెద్ద డబ్బాల మూతలే వాడండి. అట్టలు అతికించే జిగురుకు రెండు చెంచాల మైదాను గ్లాసు నీళ్లలో ఉడికిస్తే సరిపోతుంది. పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలిపే అలవాటుంది. అది విషం. పిల్లల వస్తువుల్లో వద్దే వద్దు.

అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలు పట్టి రాయిస్తాం, మర్నాటి నుంచే కాపీరైటింగ్ పుస్తకం చేతికిస్తాం. ఆ బియ్యపు పళ్లాన్ని ఇంకో ఏడాది ఉంచితే ఎంత బాగుంటుంది! అడుగున ముదురురంగు కాగితం పరిచి, 3–4 మిల్లీమీటర్ల మందాన బొంబాయి రవ్వ పోయండి. ఎక్కువైతే గీత పూడిపోతుంది. ముగ్గుపిండి రాతిపొడి, కళ్లల్లో పడుతుంది, వాడకండి. చపాతీ పిండిని చేగోడీలా పొడుగ్గా పామి అక్షరాలు చుట్టించడమూ మంచిదే. ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడ చుక్క పెట్టకపోతే మాత్రం పిల్లలు తోచిన కొస నుంచి తిప్పుతారు.

ఐదేళ్లు నిండేవారికి గుణింతం ఆట. అంగన్‌వాడీల్లో, బడుల్లో టీఎల్‌ఎం (బోధనాభ్యసన సామగ్రి) పేరుతో చేసే గుణింత చక్రాల్లో తరచూ కనిపించే లోపం ఒకటుంది: ‘క’ను తలకట్టుతో సహా రాసి, దాని మీదికి గుడిని తిప్పడం. గుడి వస్తే తలకట్టు పోవాలి. దీర్ఘానికి, ఎత్వానికి, ఒత్వానికీ అంతే. కొమ్ములకు మాత్రం తలకట్టు ఉంటుంది. కాబట్టి కార్డు మీద తలకట్టు లేని అక్షరాలే రాయండి. చొక్కా పెట్టె మీది పారదర్శక మూతను ముక్కలుగా కోసి తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం వేర్వేరు ముక్కల మీద రాయండి. ఒకటి తీసి ఇంకొకటి పెడుతుంటే ఏం మారిందో పిల్లలకు కళ్లెదుటే కనిపిస్తుంది. క, గ, త, ద, న, ర లకు ఇది చక్కగా కుదురుతుంది. తలకట్టే లేని ఖ, జ, ట, బ, ల లకు కుదరదు. మొ, యొ లాంటివీ దారి తప్పినవే. ‘వ’కు మామూలు కొమ్ము తగిలిస్తే ‘మ’ అయి కూర్చుంటుంది. వీటిని విడి కార్డులుగానే నేర్పాలి.

మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆటకు, ఇంటి భాషకు పెద్దపీట వేసింది. పత్రికలు కూడా ఇందులో ఓ చెయ్యి వేయవచ్చు. మీ ఆదివారం పిల్లల పేజీలో నెలకోసారి ఐదు అక్షరాలు, 5 సెంటీమీటర్ల ఎత్తున, వంకర్లు లేని పాఠ్యపుస్తకపు అచ్చులో, తలకట్లు విడిగా కత్తిరించుకునేలా వేయండి. ఆ పేజీ వెనకవైపు ఖాళీగా ఉంచలేకపోయినా, ముదురురంగు ప్రకటన మాత్రం రాకుండా చూడండి. పత్రిక కాగితం పలచన, వెనక అచ్చు ఇవతలికి కనిపిస్తుంది.

ఇట్లు,
ఒక పూర్వ ప్రాథమిక ఉపాధ్యాయురాలు