‘టేక్’ అంటే ‘తీసుకొను’ ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

విద్యార్థుల కోసం మీ పత్రికలో వస్తున్న ఆంగ్ల పాఠాల్లో ఇటీవల ‘టేక్’ అనే క్రియకు ‘తీసుకొను’ అన్న ఒక్క అర్థమే ఇచ్చి, టేక్, టుక్, టేకెన్ అని మూడు రూపాలు చూపి ముగించారు. ఏళ్లుగా పిల్లలకు ఆంగ్లం చెబుతున్నవాడిగా, ఆ ఒక్క అర్థం తెచ్చిపెట్టే చిక్కును రోజూ చూస్తున్నాను కనుక ఈ లేఖ రాస్తున్నాను.

‘షీ టేక్స్ ఆఫ్టర్ హర్ మదర్’ అన్న వాక్యాన్ని తెలుగులో చెప్పమంటే, తరగతిలో బాగా చదివే అమ్మాయే ‘ఆమె తన తల్లి తర్వాత తీసుకుంటుంది’ అని రాసింది. ఏం తీసుకుంటుందని అడిగితే పుస్తకం వైపు చూస్తూ నిలబడిపోయింది. ‘తల్లి పోలిక వచ్చింది’ అన్న మాట ఆ పిల్ల ఎన్నోసార్లు విన్నదే; బట్టీపట్టిన అర్థం ఆ మాటను తట్టనివ్వలేదు.

‘టేక్’ పక్కన ఏ మాట ఉందో చూస్తే తప్ప దాని అర్థం తేలదు. మాత్రనైతే వేసుకుంటాం, బస్సైతే ఎక్కుతాం, పరీక్షైతే రాస్తాం, ఫొటో అయితే తీస్తాం. ‘ఆఫ్’ చేరితే విమానం పైకి లేస్తుంది, చొక్కానైతే విప్పుతాం. ‘బ్రింగ్’కూ దీనికీ తేడా చెప్పడానికి మాత్రం తెలుగే మంచి సాయం: ‘తీసుకెళ్లు’, ‘తీసుకురా’ అని పక్కపక్కన పెడితే చిన్నపిల్లలకైనా ఇట్టే అర్థమవుతుంది.

నిజానికి ఈ క్రియ ఆంగ్లంలో పుట్టిందే కాదు. స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవారి నార్స్ భాషలోని ‘తాకా’ నుంచి వచ్చి, అంతకుముందున్న ‘నిమన్’ అన్న మాటను క్రమంగా వాడుకలోంచి తప్పించింది. జర్మన్‌లో ఆ పాత మాటకు తోబుట్టువైన ‘నేమెన్’ నేటికీ ఉంది.

పిల్లల తప్పులనే ఎత్తిచూపడం న్యాయం కాదు, ఇదే పొరపాటు వార్తల్లోనూ కనిపిస్తోంది. ‘ప్రమాదం చోటు చేసుకుంది’ అన్న వాక్యం ‘టేక్ ప్లేస్’కు మక్కీకి మక్కీ అనువాదమేనని నా అభిప్రాయం. కిక్కిరిసిన బల్ల మీద మనిషి కాస్త చోటు చేసుకొని కూర్చుంటాడు, ప్రమాదం జరుగుతుంది. ‘రెండు గంటలు పడుతుంది’ అనవలసిన చోట ‘రెండు గంటలు తీసుకుంటుంది’ అని రాయడమూ అంతే. ‘నిర్ణయం తీసుకోవడం’, ‘చర్యలు తీసుకోవడం’ వంటివి ఇప్పటికే జనం నోట స్థిరపడ్డాయి, వాటితో నాకు పేచీ లేదు. సొంత క్రియ చేతిలో ఉండగా దాన్ని వదులుకోవడమే బాధగా ఉంది.

అందుకే ఇకపై మీ పాఠాల్లో క్రియను ఒంటరిగా కాక, దానితో కలిసి వచ్చే మాటలతో, పూర్తి వాక్యాల్లో, సహజమైన తెలుగుతో జతచేసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ‘టేక్’ పాఠాన్నే మరోసారి ఆ పద్ధతిలో ప్రచురిస్తే, నా తరగతిలో పిల్లల చేత చదివిస్తాను.

— ఒక ఆంగ్ల ఉపాధ్యాయుడు