ఏడో చేప సంగతి

ఒరే సత్యం,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఫోన్లో నాలుగుసార్లు మాట్లాడుకున్నాం కదా, బాకీ చెల్లిపోయిందిలే అనుకుంటావేమో. నేనైతే అనుకోలేదు. ఇవాళ ఆదివారం, మా ఒడిశా బరంపురంలో పొద్దుటి నుంచీ ముసురు. మీ చెల్లెలు పుట్టింటికి వెళ్లింది. టీ నేనే పెట్టుకున్నాను, పంచదార మర్చిపోయాను, అదే తాగుతూ రాస్తున్నాను.

ఫోన్లో నువ్వు నవ్వావే, "బరంపురం తెలుగు మాస్టారికి ఫ్రెంచి గొడవ ఎందుకురా" అని, దానికి జవాబు ఇది. నిజమే, విజయనగరం వాడివి నీకు ఫ్రెంచివాడంటే 1757లో బొబ్బిలి కోట మీదికొచ్చిన బుస్సీ దొర ఒక్కడే గుర్తొస్తాడు. నాకూ మొన్నటిదాకా అంతే. మా చిన్నక్క కూతురు పాండిచ్చేరిలో ఫ్రెంచి చదివి, ఇప్పుడు పరిశోధన చేస్తోందని చెప్పాను కదా. సెలవులకి వచ్చి పది రోజులుంది. ఆ పిల్ల చదివేది ఫ్రెంచి కవుల గురించీ కాదు, వ్యాకరణం గురించీ కాదు. ఫ్రాన్సులో బడిపిల్లలకి వాళ్ల సొంత భాష ఎలా నేర్పుతున్నారు, కథలూ కవితలూ ఎలా చదివిస్తున్నారు అన్నదాని మీద. దానికో పేద్ద శాస్త్రమే ఉందట. "సొంత భాష నేర్పడానికి శాస్త్రమేమిటే" అని నేనూ నీలాగే నవ్వాను.

అప్పుడది ఒక లెక్క చెప్పింది. ఫ్రాన్సు విద్యాశాఖ వాళ్లు ఒకే డిక్టేషన్ని 1987 నుంచి మళ్లీ మళ్లీ అయిదో తరగతి ఈడు పిల్లలకి ఇచ్చి చూస్తున్నారట. డెబ్బై మాటలు కూడా లేని చిన్న ముక్క. పొద్దుగూకుతుంది, నలుగురు కొడుకులు ఇంటికి రాలేదని అమ్మానాన్నా కంగారు పడతారు, చివర్లో కుక్క మొరుగుతుంది. 1987లో పిల్లాడికి సగటున పదకొండు తప్పులు. 2021కి పంతొమ్మిది దాటాయి. వెంటనే "ఈ కాలం పిల్లలు" అని నేను మొదలుపెట్టేశాను. అది నా నోరు మూయించింది. "మామయ్యా, ముందు ఏ తప్పులో చూడు" అంది.

ఫ్రెంచిలో "అతను ఆడతాడు" అన్నా "వాళ్లు ఆడతారు" అన్నా చెవికి ఒకటేనట, "ఇల్ జూ". రాసేటప్పుడు మాత్రం వాళ్లయితే మొదటి మాటకి ఒక ఎస్సు, రెండో మాటకి ఎన్, టి అనే రెండక్షరాలూ తగిలించాలి. వాటిలో ఒక్కటీ నోట పలకదు. పెరిగిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇలా చెవికి వినపడని చోటే. మన "ఆడతాడు, ఆడతారు" చెవిలో పడగానే తేడా తెలిసిపోతుంది. ఆ పిల్లల కష్టం మన పిల్లలకి లేదు. (మన పిల్లల కష్టం వేరు. అక్కడికే వస్తున్నాను.)

జఫ్రే అని ఒక భాషాశాస్త్రవేత్త ఏం చేశాడంటే, తప్పు రాసిన పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇలా ఎందుకు రాశావు నాన్నా" అని అడిగి, వాడు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడట. క్రియకి ఎస్సు తగిలించిన పిల్లలుంటారు. ఎందుకురా అంటే "చాలామంది ఉన్నారు కదా, అందుకని" అంటారు. తప్పే, కాకపోతే వాడి లెక్క వాడికుంది. కోజీస్ అని ఇంకొకావిడ దీన్ని తరగతిలోకే తెచ్చింది. రోజుకి ఒకే వాక్యం చెప్పాలి. పిల్లలు రాసిన రకాలన్నీ బోర్డు మీద ఎక్కించాలి. ఎవడిది వాడు సమర్థించుకోవాలి. ఒకటి మిగిలేదాకా వాదన. ఎర్ర సిరా చివరికెప్పుడో.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము. మా ఆరో తరగతిలో ఒకడున్నాడు. రెండేళ్లుగా వాడి నోటుబుక్కు మీద "అజాగ్రత్త", "అజాగ్రత్త" అని రాస్తున్నాను. మర్నాడు ఆ పుస్తకం తీసి మొదటి నుంచీ చూశాను. కొడుకుని "కోడుకు" అని రాశాడు, ఎనుముని "ఏనుము" అని రాశాడు, తెలుగుని "తేలుగు" అని రాశాడు. పిలిచి అడిగాను. తిట్టడానికి కాదని వాడికి నమ్మకం కుదిరేసరికి ఇంటర్వెల్ గంట కొట్టేశారు. చివరికి చెప్పాడు, "ఒడియాలో ఎ, ఏ రెండు లేవు కదా మాస్టారూ. ఒకటే. ఏది రాసినా ఒకటే అనుకున్నాను."

చూశావా? ఒడియా లిపిలో మనకున్నట్టు ఎ ఏలు, ఒ ఓలు విడివిడిగా లేవు. వాడు చదివేది ఒడియా బడిలో, తెలుగు వారానికి కొన్ని పీరియడ్లే. పుస్తకమంతా వెతికాను, ఒక్కచోట కూడా పొట్టి ఎ గాని పొట్టి ఒ గాని లేదు. ఇంతకంటే జాగ్రత్తగా ఎవడు రాస్తాడు చెప్పు! ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి వాళ్లు ఎందరికి మార్కులు కోశానో తలుచుకుంటే ఇప్పటికీ ముఖం చెల్లదు.

ఇక సాహిత్యం. అక్కడ 2002లో చిన్న బడుల్లో కూడా సాహిత్యం పెట్టి, పుస్తకాల జాబితా ఇచ్చారట. 2004లో రూక్సెల్, లాంగ్లాద్ అనే ఇద్దరు ఒక పుస్తకం తెచ్చారు. వాళ్ల వాదన ఏమిటంటే, చదివే పిల్లాడు ఉట్టి గిన్నె కాదు, వాడి ఇల్లూ వాడి భయాలూ వాడు చూసినవీ అన్నీ కథలోకి వస్తాయి, రానివ్వాలి అని. అలాగని ఏది చెప్పినా ఒప్పు అంటే కుదరదు, కథ ఒప్పుకోవాలి కదా అని ఆ పండితులే తగువు పడుతుంటారట. వాళ్ల పరిభాష మాత్రం నాకు ఒంటబట్టలేదు. మన లాక్షణికులే నయం అనిపించింది.

సరే, చేసి చూద్దామని ఏడుచేపల కథ తీశాను. ఇన్నాళ్లూ "చేప ఎందుకు ఎండలేదు?" అని అడగడం, "గడ్డిమేటు అడ్డువచ్చుటవలన" అని రాయించి రెండు మార్కులు వేయడం. ఈసారి జవాబు చెప్పకుండా ఊరుకున్నాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. గోపాలపూర్ నుంచి ఆటోలో వస్తుంది, అక్కడి మన తెలుగు జాలర్ల పిల్ల. "అదంతా అబద్ధం మాస్టారూ. గడ్డి అడ్డొస్తే పక్కన ఎండేస్తారు. లావు చేపకి కడుపు చీరాలి, ఉప్పు పట్టించాలి. రాజుగారి కొడుకులికి ఏటి తెలుస్తాది?" అంది. తరగతంతా గొల్లుమంది. నేను నవ్వలేదు. "మరి చేప ఆ మాట చెప్పలేదేం?" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు కాసేపు. అప్పుడు మన "తేలుగు" గాడు చెయ్యెత్తాడు. "చేప ఒక్కటే కాదు మాస్టారూ, అందరూ పక్కోళ్ల మీద తోసేశారు. గడ్డి ఆవు మీద, ఆవు గొల్లోడి మీద, గొల్లోడు అవ్వ మీద. చీమ ఒక్కతే, నేనే కుట్టాను అంది."

ఆ కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటానురా నేను? నాకెప్పుడూ తట్టలేదు.

ఇదంతా విని గెలిచాడనుకోకు. నలభై మంది ఉన్న తరగతిలో ఒక్క వాక్యం మీద వాదన పెడితే పీరియడ్ అయిపోతుంది. ఆ వారం పాఠం వెనకపడింది. ఒక తండ్రి వచ్చి, మాస్టారు రాయించడం మానేసి కబుర్లు చెబుతున్నారని ఫిర్యాదు చేశాడు. ఆయన టెన్షన్ ఆయనది. ఇప్పుడు వారానికి రెండు రోజులే చేస్తున్నాను.

మా మేనకోడలితో వాదనలో ఒక్కచోట నేనే నెగ్గాను. ఇవన్నీ ఫ్రెంచివాళ్లు కనిపెట్టినట్టు చెబుతుంటే, పర్లాకిమిడి వైపు చెయ్యి చూపించాను. ఇక్కడికి ఎంతో దూరం లేదు కదా. గిడుగు రామ్మూర్తి పంతులుగారు అక్కడ మాస్టరుగా ఉండి, అక్కడి గిరిజనులు సవరల నోట సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటతోనే వాచకాలు రాశారు. నోటి మాటని తప్పనకుండా ముందు వినడం ఆయన అప్పుడే చేశారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసిందని ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మేం ఇక్కడే ఉండిపోయిన వాళ్లం. ఆ పిల్ల సవర వాచకాల సంగతి నోట్సు రాసుకుంది కూడా. నాకు కొంచెం గర్వంగానే ఉందిలే.

నీతో ఒక పని ఉంది. మీ అత్తగారిది భీమిలి కదా, ఎండుచేపల సంగతి ఆవిడకి తెలియకుండా ఉండదు. గడ్డిమేటు నీడలో చేప నిజంగా ఎండదా, లేక మా గోపాలపూర్ పిల్ల చెప్పిందే ఖాయమా, అడిగి రాయి. సోమవారం తరగతిలో చెబుతానని మాటిచ్చాను. ఏ సోమవారమో చెప్పలేదనుకో.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
బరంపురం మాస్టారు