ఒంటిపూట బడులు మొదలవకముందే పిల్లల నిద్ర సంగతి చూద్దాం

అమ్మానాన్నలకు, పిల్లల్ని చూసుకుంటున్న అమ్మమ్మలు, నానమ్మలు, తాతయ్యలకు నమస్కారం.

ఈ నెల ఉత్తరంలో ఫీజుల గురించి, వార్షికోత్సవం గురించి రాయడం లేదు. పిల్లల నిద్ర గురించే రాస్తున్నాను. ఉదయం మొదటి పీరియడ్‌లో ఏ తరగతిలోకి తొంగిచూసినా బెంచీ మీద తల వాల్చేసిన పిల్లలు కనిపిస్తున్నారు, వాళ్లలో బాగా చదివే పిల్లలు కూడా ఉన్నారు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే ఎనిమిదింటికల్లా ఇక్కడ ఉండాలి, పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్లయితే ఆరింటికి ముందే లేవాలి. ఇప్పుడే సర్దుకోకపోతే అప్పుడు మరీ కష్టం.

పోయిన వారం ఏడో తరగతి పిల్లల్ని రాత్రి తొమ్మిది దాటాక ఇంట్లో ఏం జరుగుతుందో ఒక పేజీ రాయమన్నాను. ఒకరింట్లో నాన్న షాపు కట్టేసి వచ్చేది పదింటికి, ఆయన వచ్చాకే అందరి భోజనాలు. ఇంకొకరికి ఉన్నది ఒకటే గది, టీవీ అందులోనే, సీరియల్ అయ్యేదాకా లైటు ఆరదు. ఒక పాప అయితే పక్కన పడుకున్న అమ్మ ఫోన్ వెలుగు తన మొహం మీద పడుతుందని రాసింది. ఆ పేజీలన్నీ చదివాక నాకు అర్థమైంది ఒకటే, ఇల్లు పడుకున్నప్పుడే పిల్లలు పడుకుంటారు. మనం హాల్లో కూర్చుని "పోయి పడుకో" అని కేకేస్తే ఏ పిల్లాడికీ నిద్ర రాదు.

ఎంత నిద్ర కావాలి అంటే, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటిన వాళ్లకు 8 నుంచి 10 గంటలు. ఇది నా లెక్క కాదు, నిద్ర మీద పనిచేసే డాక్టర్లు చెప్పేది. అంటే ఆరింటికి లేవాల్సిన ఐదో తరగతి పిల్లాడు తొమ్మిదింటికల్లా నిద్రలో ఉండాలి.

చాలా ఇళ్లలో చిక్కు సాయంత్రమే మొదలవుతోంది. నాలుగున్నరకు ఇంటికొచ్చి, అలసిపోయి, ఏడింటిదాకా పడుకుంటారు. నిద్ర కూడా ఆకలి లాంటిదే, మేలుకున్న కొద్దీ పెరుగుతుంది. సాయంత్రం కడుపు నిండా జంతికలు తిన్నవాడికి రాత్రి అన్నం ఎలా దిగదో, సాయంత్రం రెండు గంటలు పడుకున్నవాడికి రాత్రి పదైనా కన్ను అలా మూతపడదు. అంతగా అలసిపోతే అరగంట చాలు, తర్వాత లేపి బయట ఆడుకోమనండి.

పదో తరగతి పిల్లల అమ్మలకు ప్రత్యేకంగా ఒక మాట. రాత్రి తొమ్మిదింటికి చదువుకోవడానికని టీ పెట్టి ఇవ్వకండి. మీ ప్రేమ నాకు తెలుసు. కానీ టీలో ఉండే, నిద్రను ఆపే కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, అంటే రాత్రి రెండింటికి కూడా ఇంకో సగం లోపల పనిచేస్తూనే ఉంటుంది. కూల్ డ్రింకుల్లో, చాక్లెట్‌లో కూడా కెఫీన్ ఉంటుంది. మధ్యాహ్నం దాటాక వద్దు. ఇంకో సంగతి, చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి రెండు దాకా కూర్చుని చదివి, తొమ్మిదిన్నర పరీక్షకు ఎర్రబడ్డ కళ్లతో వచ్చిన పిల్లలు తెలిసిన జవాబు కూడా గుర్తురాక ఏడవడం నేను ఈ బడిలో చూశాను. ఆ టెన్షన్ వాళ్లకు వద్దు. పడుకునే ముందు మార్కుల మాట ఎత్తకండి, పక్కింటి అబ్బాయితో పోల్చకండి, ఏమైనా ఉంటే మర్నాడు పొద్దున మాట్లాడండి.

పెద్ద పిల్లలకు నిద్ర ఆలస్యంగా రావడం బద్ధకం కాదు. ఆ వయసులో నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ ఒంట్లో కాస్త ఆలస్యంగా తయారవుతుంది. దానికి తోడు ట్యూబ్‌లైటు, మొహానికి దగ్గరగా ఫోన్ ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. పడుకోవడానికి గంట ముందు పెద్ద లైట్లు ఆర్పేయండి, ఫోన్లన్నీ వంటింట్లో ఛార్జింగ్‌కు పెట్టండి. అన్నీ అంటే మీవి కూడా. ఐపీఎల్ మొదలైతే రోజూ మ్యాచ్ చివరి ఓవర్ దాకా చూడాలంటారు, శనివారం ఒక్కటి చూడనివ్వండి. ఆదివారం మాత్రం పదింటిదాకా పడుకోనివ్వకండి, గంట ఎక్కువైతే ఫర్వాలేదు. అమెరికా నుంచి వచ్చిన బంధువులు వారం రోజులు పగలు తూగుతూ రాత్రి మేలుకుని ఉండటం చూసే ఉంటారు, సోమవారం మన పిల్లల పరిస్థితి కొంచెం అలాగే ఉంటోంది.

ఎండలు ముదురుతున్నాయి. నిద్ర పట్టాలంటే ఒంటి వేడి కాస్త తగ్గాలి, మన స్లాబులేమో పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రి వదులుతాయి. నీళ్లకు ఇబ్బంది లేకపోతే సాయంత్రం డాబా తడపండి, పిల్లలకు స్నానం చేయించండి, నూలు దుప్పటి వేయండి. దోమలకు కాయిల్ కన్నా దోమతెర మేలు, మూసిన గదిలో ఆ పొగకు రాత్రంతా దగ్గే పిల్లలు ఉన్నారు.

ఇవన్నీ చేసినా నిద్ర కుదరకపోతే తిట్టకండి, డాక్టరుకు చూపించండి. రోజూ గురక పెడుతూ నోరు తెరుచుకుని పడుకునే పిల్లలకు టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ వాచి ఊపిరికి అడ్డం పడుతుండవచ్చు. రాత్రి మలద్వారం దగ్గర దురదతో లేస్తుంటే నులిపురుగులు కావచ్చు, దానికి మాత్రలున్నాయి. కాళ్లు లాగుతున్నాయని రాత్రిపూట అటూ ఇటూ కదిపేస్తుంటే ఐరన్ తక్కువేమో రక్తపరీక్ష చేయించండి. నిద్రపోతారని దగ్గు మందు పోయడం మాత్రం ఎప్పుడూ చేయకండి, అది ప్రమాదం.

ఒక్కసారిగా పదకొండు నుంచి తొమ్మిదికి మార్చాలంటే ఎవరి వల్లా కాదు. రెండు మూడు రోజులకోసారి పావుగంట ముందుకు జరపండి, లేచే టైమును కూడా అలాగే జరపండి. నాన్న ఆలస్యంగా వచ్చే ఇళ్లలో పిల్లలకు ఎనిమిదికల్లా పెట్టేయండి. అందరూ కలిసి తినడం మంచిదే, దాన్ని ఆదివారం మధ్యాహ్నానికి పెట్టుకోండి.

ఇందులో మా తప్పు కూడా ఉంది. పిల్లలు రాసిన పేజీల్లో చాలా వాటిలో ఒకే మాట కనిపించింది, బడి వాట్సాప్ గ్రూపులో రాత్రి ఎనిమిదికి, ఎనిమిదిన్నరకు హోంవర్క్ వస్తోందని. అది చూడాలని ఫోన్ తీసిన పిల్లలు మళ్లీ ఫోన్ కింద పెట్టడం లేదు. టీచర్లందరితో మాట్లాడాను. మార్చి 1 నుంచి హోంవర్క్ క్లాసులోనే డైరీలో రాయిస్తారు, సాయంత్రం ఆరు దాటాక గ్రూపులో ఏదీ పెట్టరు. ఎవరైనా పెడితే ఆ హోంవర్క్ చేయక్కర్లేదు, మీరు మర్నాడు వచ్చి నాకు చెప్పండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు